యాభై పిస్టళ్లు, ఒక చట్టం

1914లో కలకత్తా రేవులో మాయమైన మౌజర్లు ఆరు నెలలకు గార్డెన్ రీచ్ దారిలో పేలాయి. ఓ జర్మన్ ఆయుధం బెంగాల్ విప్లవానికి ఊపిరి ఎలా అయిందో, చివరికి దేశమంతటి మెడకు చట్టమై ఎలా చుట్టుకుందో చెప్పే చరిత్ర ఇది.

విశాఖ, శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల రైల్వే కుటుంబాలకు గార్డెన్ రీచ్ పేరు కొత్త కాదు. ఒకప్పటి బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేకి, తర్వాత దాని వారసురాలైన ఆగ్నేయ రైల్వేకి ప్రధాన కార్యాలయం అక్కడే. 2003లో తూర్పు కోస్తా రైల్వే ఏర్పడేదాకా వాల్తేరు డివిజన్‌లో బదిలీ అయినా, ప్రమోషన్ అయినా, పెండింగ్ ఫైలైనా కదలాల్సింది 'గార్డెన్ రీచ్' నుంచే. హుగ్లీ నది ఒడ్డున కలకత్తాకు నైరుతిగా ఉన్న ఈ ప్రాంతానికి మరో రెండు గుర్తింపులున్నాయి. రాజ్యం పోగొట్టుకున్న అవధ్ నవాబు వాజిద్ అలీ షా 1887లో కన్నుమూసేదాకా బతికింది దీన్ని ఆనుకునే ఉన్న మటియాబుర్జ్‌లో. ఓడల నిర్మాణానికి పేరుపడ్డ ప్రభుత్వరంగ సంస్థ పేరులోనూ గార్డెన్ రీచే ఉంది.

పోలీసు రికార్డుల్లో మాత్రం ఈ పేరుకు వేరే అర్థముంది. 1915 ఫిబ్రవరి 12న పట్టపగలు ఇక్కడ ఓ దోపిడీ జరిగింది. బర్డ్ అండ్ కంపెనీ మనుషులు జూట్ మిల్లుకు తీసుకెళ్తున్న నగదును ట్యాక్సీలో వచ్చిన కొందరు యువకులు అడ్డగించారు. పిస్టళ్లు చూపించి 18,000 రూపాయలు పట్టుకుపోయారు. అప్పటి లెక్కల్లో అది చాలా పెద్ద మొత్తం. అయినా పోలీసులను ఎక్కువగా కలవరపెట్టింది పోయిన డబ్బు కాదు. దొంగలు వాడిన సాధనాలు. ఒకటి మోటారు కారు. రెండోది మౌజర్ పిస్టల్. రెండూ కలకత్తా నేరచరిత్రకు కొత్తవే. ప్యారిస్‌లో బోనో ముఠా బ్యాంకు దోపిడీకి కారు వాడి అప్పటికి నాలుగేళ్లు కూడా కాలేదు.

పది పెట్టెలు తగ్గాయి

ఆ పిస్టళ్లు ఎక్కడివో తెలుసుకోవాలంటే ఆరు నెలలు వెనక్కి వెళ్లాలి. 1914 ఆగస్టు 26, బుధవారం. ఐరోపాలో మొదటి ప్రపంచ యుద్ధం మొదలై నెల కూడా కాలేదు. కలకత్తాలో పేరున్న తుపాకుల వ్యాపారి ఆర్.బి. రాడా అండ్ కంపెనీకి 'టాక్టీషియన్' అనే ఓడలో సరుకు దిగింది. ఓడ సరుకును కస్టమ్స్ నుంచి విడిపించి గోదాముకు చేర్చే పని కంపెనీ గుమాస్తా శిరీష్ చంద్ర మిత్రాది. ఆ రోజు ఆయన విడిపించింది 202 పెట్టెలు. వాన్‌సిటార్ట్ రోలోని గోదాముకు చేరినవి 192. మిగతావి తెస్తానని చెప్పి వెళ్లిన గుమాస్తా మళ్లీ కనిపించలేదు. కంపెనీ మూడు రోజులు ఎదురుచూసి అప్పుడు పోలీసులకు ఫిర్యాదు చేసింది.

ఆ పది పెట్టెల్లో ఉన్నవి 50 మౌజర్ పిస్టళ్లు, 46,000 తూటాలు. అంటే ఒక్కో పిస్టల్‌కు 920 తూటాలు.

ఇదంతా ముందే వేసుకున్న పథకం. బిపిన్ బిహారీ గంగూలీ నాయకత్వంలోని ఆత్మోన్నతి సమితి, ఢాకాలో పుట్టిన ముక్తి సంఘ్ కలిసి దీన్ని నడిపించాయి. సరుకు ఎద్దుల బళ్ల మీద వరుసగా బయల్దేరింది. చివరి బండి తోలుతున్నది అసలు బండివాడు కాదు, వేషం మార్చుకున్న విప్లవకారుడు హరిదాస్ దత్తా. ముందు బళ్లు గోదాము వైపు వెళ్లాయి. చివరి బండి మాత్రం దారి మళ్లి మలంగా లేన్ చేరింది. ఒక్క తూటా పేలలేదు, ఒక్క రక్తపు బొట్టు చిందలేదు. కాపలా తాళాలు పగలగొట్టలేదు, గోడకు కన్నం వెయ్యలేదు. ఆయుధాల వ్యాపారంలో అత్యంత బలహీనమైన చోటు తుపాకీ దుకాణం కాదనీ, ఓడ నుంచి గోదాము దాకా సాగే ఆ కొద్ది దూరమేననీ వాళ్లు సరిగ్గా పసిగట్టారు.

పోలీసులు తేరుకునేలోపే సరుకు చెల్లాచెదురైంది. 44 పిస్టళ్లు తొమ్మిది విప్లవ బృందాల చేతికి చేరాయని ప్రభుత్వమే తర్వాత లెక్క తేల్చింది.

ఒక్క స్క్రూ తుపాకీ

విప్లవకారులు మౌజర్‌ను కోరి ఎంచుకున్నారా, లేక దొరికిందే మహాభాగ్యమనుకున్నారా అన్నది పక్కనపెడితే, వాళ్ల అవసరానికి అంతకన్నా సరిపోయే ఆయుధం ఆ రోజుల్లో లేదు. కారణం దాని నిర్మాణంలోనే ఉంది.

జర్మనీలో నెకర్ నది ఒడ్డున ఉన్న ఒబెర్న్‌డార్ఫ్ పట్టణంలోని మౌజర్ కర్మాగారంలో ఈ పిస్టల్ పుట్టింది. రూపకల్పన చేసింది అక్కడ పనిచేసే ఫీడర్లే సోదరులు. యజమాని పాల్ మౌజర్ పేరిట 1895లో పేటెంటు వచ్చింది. మరుసటి ఏడాది ఉత్పత్తి మొదలైంది. అందుకే దానికి 'సి96' అన్న పేరు స్థిరపడింది. 1937 దాకా సాగిన ఉత్పత్తిలో దాదాపు పది లక్షల పిస్టళ్లు తయారయ్యాయి. ఏ పెద్ద సైన్యమూ దీన్ని తన ప్రధాన పిస్టల్‌గా తీసుకోలేదు. అయినా ప్రపంచమంతా తిరిగింది.

ఆకారం చూస్తే ఎవరికైనా వింతగా ఉంటుంది. తూటాల అర పిడిలో కాకుండా ట్రిగ్గర్‌కు ముందు పెట్టెలా వేలాడుతుంది. పిడి గుండ్రంగా, సన్నగా, చీపురుకట్ట పిడిలా ఉంటుంది. ఇంగ్లీషు దేశాల్లో దానికి ఆ ముద్దుపేరే వచ్చింది. గొట్టం పొడవు 14 సెంటీమీటర్లు. బరువు కిలోకు పైనే.

పనితీరు ఇంకా ఆసక్తికరం. రివాల్వర్‌లో చక్రం తిరగడానికి వేలి బలమే ఆధారం. మౌజర్‌లో ఆ పని తూటా చేస్తుంది. పేలినప్పుడు పుట్టే వెనకటి తన్నుకు గొట్టమూ, దాన్ని మూసి ఉంచే బోల్టూ ఒకదానికొకటి బిగిసి ఉండి కొన్ని మిల్లీమీటర్లు కలిసే వెనక్కి జరుగుతాయి. ఈలోపు గుండు గొట్టం దాటిపోతుంది, లోపలి ఒత్తిడి తగ్గుతుంది. అప్పుడు కింద ఉన్న దిమ్మ దిగి బోల్టును విడిచిపెడుతుంది. గొట్టం ఆగిపోతుంది. బోల్టు ఒక్కటే ఇంకా వెనక్కి పోయి, ఖాళీ తొడుగును బయటికి విసిరి, సుత్తిని ఎక్కుపెడుతుంది. స్ప్రింగు దాన్ని మళ్లీ ముందుకు నెడుతుంది. వస్తూ వస్తూ అరలోని మరో తూటాను గొట్టంలోకి తోస్తుంది. కనురెప్పపాటులో ఇదంతా అయిపోతుంది. కాల్చేవాడు చెయ్యాల్సింది మళ్లీ ట్రిగ్గర్ నొక్కడమే.

పది తూటాలు అయిపోతే బోల్టు వెనకే నిలిచిపోతుంది. పది తూటాలు గుచ్చిన రేకు పట్టీని పైనుంచి పెట్టి బొటనవేలితో అదిమి, పట్టీ లాగేస్తే సరి. పిస్టల్ మళ్లీ సిద్ధం. ఆనాటి పోలీసు చేతిలోని రివాల్వర్‌లో ఉండేవి ఆరే తూటాలు.

ఇంత యంత్రాంగం ఉన్నా భాగాలను కలిపి ఉంచడానికి స్క్రూలూ, పిన్నులూ లేవు. ఒకదానిలో ఒకటి ఇమిడిపోతాయి, చేయి తిరిగిన వడ్రంగి మేకు కొట్టకుండా బిగించిన తలుపు చట్రంలా. మొత్తం మీద కనిపించే ఒకే ఒక్క స్క్రూ పిడికి రెండువైపులా ఉన్న చెక్కలను పట్టి ఉంచేది.

అసలు కీలకం చెక్క ఒర. పిస్టల్ దాచుకునే ఆ పెట్టెనే పిడి వెనక తగిలిస్తే భుజానికి ఆనించే దన్ను అవుతుంది. జేబు తుపాకీ కాస్తా క్షణంలో చిన్న రైఫిల్‌గా మారిపోతుంది. 7.63 మిల్లీమీటర్ల సన్నటి గుండు సెకనుకు 400 మీటర్లకు పైబడిన వేగంతో దూసుకెళ్తుంది. ఆ రోజుల్లో పిస్టళ్లలో అది అసాధారణమైన వేగం. ధోవతి మడతల్లో దాచుకోగలిగి, అవసరమైతే పొదల చాటు నుంచి పోలీసు రైఫిళ్లకు జవాబు చెప్పగలిగే ఆయుధం రహస్య సంఘాలకు అంతకుముందు దొరకలేదు.

చర్చిల్ నుంచి చైనా దాకా

ఈ పిస్టల్‌ను పొగిడినవాళ్లలో బ్రిటిష్ సామ్రాజ్యానికి వీరవిధేయుడైన విన్‌స్టన్ చర్చిల్ కూడా ఉండటం చరిత్ర చేసిన చమత్కారం. 1896లో బొంబాయి రేవులో పడవ దిగుతూ ఆయన భుజం కీలు తప్పించుకున్నాడు. ఆ నొప్పి జన్మంతా వదల్లేదు. 1898 సెప్టెంబర్ 2న సూడాన్‌లోని ఓందుర్మాన్ యుద్ధంలో అశ్వికదళంతో దూకినప్పుడు కత్తి తిప్పలేని ఆ భుజం వల్లే మౌజర్ పట్టుకున్నాడు. ప్రాణాలతో బయటపడ్డాడు. పదహారేళ్ల తర్వాత అదే రకం పిస్టల్ అదే సామ్రాజ్యం మీదికి తిరిగింది.

రష్యాలో బోల్షివిక్కులు పొట్టి గొట్టం మౌజర్‌ను ఎంతగా ఇష్టపడ్డారంటే, ఆ నమూనాకు 'బోలో' అన్న పేరే వచ్చింది. చైనా సేనానుల యుగంలో ఆయుధాల దిగుమతిపై ఆంక్షలొచ్చినప్పుడు చెక్క ఒరతో వచ్చే ఈ పిస్టలే రైఫిల్ లోటు తీర్చింది. అక్కడి కర్మాగారాలు దీనికి నకళ్లు కూడా తయారుచేశాయి. 'స్టార్ వార్స్' సినిమాల్లో హాన్ సోలో చేతిలో మెరిసే అంతరిక్ష తుపాకీ కూడా లోపల మౌజరే. పైన కొన్ని అలంకారాలు తగిలించారంతే.

గార్డెన్ రీచ్ నుంచి బాలాసోర్‌కు

గార్డెన్ రీచ్ దోపిడీ ఎవరి సొంతానికీ కాదు. దాని వెనక బాఘా జతిన్‌గా పేరుపడ్డ జతీంద్రనాథ్ ముఖర్జీ ఉన్నారు. దారిలో పని నడిపించిన యువకుడి పేరు నరేంద్రనాథ్ భట్టాచార్య. జర్మనీ సాయంతో ఆయుధాలు తెప్పించి సాయుధ తిరుగుబాటు లేవదీయాలన్నది వాళ్ల లక్ష్యం. అందుకు డబ్బు కావాలి. పది రోజులకే, ఫిబ్రవరి 22న, బెలియాఘాటలో మరో దోపిడీ జరిగింది. ఆ నెలాఖరున, 28న, కలకత్తా నడిబొడ్డున పోలీసు ఇన్‌స్పెక్టర్ సురేశ్ ముఖర్జీని కాల్చి చంపారు. నగరం వణికింది.

నరేన్ అరెస్టయ్యాడు. బెయిలు మీద బయటికొచ్చి, 1915 ఏప్రిల్‌లో సి. మార్టిన్ అన్న మారుపేరుతో డచ్చి వారి బటావియాకు, అంటే నేటి జకార్తాకు వెళ్లాడు. అక్కడి జర్మన్లతో మాట్లాడాడు. 'మావెరిక్' అనే ఓడలో 30,000 రైఫిళ్లు, ఒక్కోదానికి 400 తూటాలు, రెండు లక్షల రూపాయలు సుందర్‌బన్ అడవుల్లోని రాయ్‌మంగల్‌కు చేరాలన్నది ఒప్పందం. ఓడ రాలేదు. ఆ ఆయుధాలు ఎన్నడూ బెంగాల్ తీరం చూడలేదు.

ఒరిస్సా తీరంలో ఎదురుచూస్తున్న జతిన్ బృందం జాడ ఈలోపు పోలీసులకు చిక్కింది. 1915 సెప్టెంబర్ 9న బాలాసోర్ దగ్గర బుడిబలంగ్ నది సమీపంలోని చషాఖండ్‌లో జతిన్, ఆయన నలుగురు అనుచరులు పోలీసు బలగాలకు ఎదురు నిలిచారు. అటు రైఫిళ్లు, ఇటు చెక్క దన్ను తగిలించిన మౌజర్లు. గంటకు పైగా కాల్పులు సాగాయి. చిత్తప్రియ రాయ్ చౌధురి అక్కడే నేలకొరిగాడు. తీవ్రంగా గాయపడిన జతిన్ మర్నాడు బాలాసోర్ ఆస్పత్రిలో కన్నుమూశారు. మనోరంజన్ సేన్‌గుప్తా, నీరేంద్రనాథ్ దాస్‌గుప్తాలను ఉరితీశారు. జ్యోతిష్ పాల్‌కు ద్వీపాంతరవాస శిక్ష పడింది.

ఆయుధాల కోసం దేశం దాటిన నరేన్ మళ్లీ నరేన్‌గా తిరిగిరాలేదు. జపాన్, చైనాల మీదుగా 1916లో అమెరికా చేరి అక్కడ ఎం.ఎన్. రాయ్ అయ్యాడు. మెక్సికోలో కమ్యూనిస్టు పార్టీకి పునాది వేశాడు. లెనిన్‌తో వాదించాడు. చివరికి రాడికల్ హ్యూమనిజం బోధించాడు. తెలుగునాట ఆయన ప్రభావం తక్కువేమీ కాదు. అబ్బూరి రామకృష్ణారావు, త్రిపురనేని గోపీచంద్ వంటి రచయితలు రాయ్ బాట పట్టారు. తెనాలి, గుంటూరు ప్రాంతాల్లో రాయిస్టుల సభలు, చర్చలు ఓ తరం ఆలోచనలను మలిచాయి. మనిషి స్వేచ్ఛ గురించి తెనాలిలో తర్కించుకున్న ఆ తరానికి, ఆ ఆలోచనాపరుడి ప్రయాణం గార్డెన్ రీచ్ దారిలో ఓ ట్యాక్సీతో మొదలైందన్న సంగతి వింతగానే అనిపించి ఉండాలి.

పట్టించిన నంబరు

మౌజర్లు ఎంత ఉపయోగపడ్డాయో విప్లవకారుల జ్ఞాపకాల కన్నా ప్రభుత్వ లెక్కలే గట్టిగా చెబుతాయి. 1914 ఆగస్టు తర్వాత దోపిడీలు, హత్యలు, హత్యాయత్నాలు కలిపి 54 కేసుల్లో రాడా పిస్టళ్లు వాడారని 1918 నాటి రాజద్రోహ విచారణ కమిటీ తేల్చింది. అప్పటికి పోలీసులు తిరిగి పట్టుకున్నవి 31.

ఇంత కచ్చితంగా లెక్క ఎలా దొరికింది? ప్రతి పిస్టల్ మీదా కర్మాగారం చెక్కిన నంబరు ఉంది. ఆ నంబర్ల జాబితా రాడా కంపెనీ దగ్గర ఉంది. ఢాకాలో దొరికినా, కలకత్తాలో దొరికినా నంబరు చూడగానే అది పది పెట్టెల్లోదో కాదో తెలిసిపోయేది. ఎవరినీ పట్టివ్వకుండా దెబ్బలు తిన్న యువకులుండొచ్చు. వాళ్ల చేతిలోని ఉక్కు మాత్రం అడగ్గానే చెప్పేసింది.

ఏడేళ్ల తర్వాత తెలుగు మన్యంలో ఇందుకు పూర్తిగా భిన్నమైన దారి కనిపిస్తుంది. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి సీతారామరాజు దళం వరుసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద పడింది. 26 తుపాకులు, రెండున్నర వేలకు పైగా తూటాలు చేజిక్కించుకుంది. కలకత్తాలో గుమాస్తా చెప్పకుండా మాయమైతే, మన్యంలో రాజు ఏమేం తీసుకెళ్లాడో స్టేషన్ పుస్తకంలో రాసి సంతకం పెట్టి మరీ వెళ్లాడు. ఒకచోట రహస్యమే బలం. మరోచోట బాహాటమే బలం. అయితే రెండుచోట్లా కొరత ఒక్కటే. 1878 నాటి ఆయుధాల చట్టం దేశం చేతుల్లోంచి తుపాకీని తీసేసింది. తిరగబడాలనుకున్నవాడికి దాన్ని ప్రభుత్వం నుంచో, వ్యాపారి నుంచో లాక్కోవడం తప్ప వేరే దారి లేకపోయింది.

చెల్లించిన ధర

ఆ 50 పిస్టళ్లు సాధించిందేమిటి? సైనికంగా చూస్తే దాదాపు ఏమీ లేదు. తిరుగుబాటు రాలేదు. ఓడ రాలేదు. చనిపోయినవాళ్లలో పెద్ద అధికారుల కన్నా కింది స్థాయి భారతీయ పోలీసులే ఎక్కువ కనిపిస్తారు. దోపిడీలో బెదిరిపోయింది కూడా తెల్ల యజమాని కాదు, డబ్బు సంచి మోసే గుమాస్తా. ఈ నిజాన్ని పక్కన పెట్టి విప్లవకారుల సాహసాన్ని మాత్రమే చెప్పుకోవడం సగం చరిత్రే అవుతుంది. ఓటమి తప్పదని తెలిసీ బాలాసోర్‌లో నిలబడ్డ అయిదుగురిని వట్టి దోపిడీదారులని కొట్టిపారెయ్యడమూ సగం చరిత్రే.

పిస్టళ్ల అసలు ప్రభావం మరోచోట కనిపించింది. జస్టిస్ సిడ్నీ రౌలట్ అధ్యక్షతన ప్రభుత్వం వేసిన కమిటీలో మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి సి.వి. కుమారస్వామి శాస్త్రి కూడా సభ్యుడు. రాడా దొంగతనం, మౌజర్ కేసులు ఆ కమిటీ నివేదికలో ప్రముఖంగా ఉన్నాయి. యుద్ధకాలపు అత్యవసర అధికారాలను యుద్ధం ముగిశాక కూడా కొనసాగించాలన్న వాదనకు అవి ఆధారాలయ్యాయి. 1919 మార్చిలో రౌలట్ చట్టం వచ్చింది. విచారణ లేకుండా నిర్బంధించే అధికారం ప్రభుత్వానికి దఖలు పడింది. ఏప్రిల్ 6న గాంధీ పిలుపుతో దేశవ్యాప్త హర్తాళ్ జరిగింది. ఏప్రిల్ 13న జలియన్‌వాలాబాగ్ నెత్తురోడింది.

తుపాకీని నమ్మినవాళ్లు తెచ్చిన భయం ఒక చట్టమైంది. ఆ చట్టం తుపాకీని నమ్మని ఉద్యమానికి కోట్లమందిని చేర్చింది. యాభై పిస్టళ్లతో కదలని సామ్రాజ్యం, వాటిని చూపించి తాను చేసుకున్న చట్టంతో తన కాళ్ల కింది నేలను తానే తవ్వుకుంది.

విలువ మారింది

నేడు మౌజర్ సి96 ప్రపంచమంతటా సంగ్రాహకుల కలల వస్తువు. అసలు చెక్క ఒర ఉంటే విలువ పెరుగుతుంది. పిస్టల్ భాగాల మీదా, ఒర మీదా ఉన్న నంబర్లు కలిస్తే ఇంకా పెరుగుతుంది. ఒకప్పుడు జైలుకు పంపిన నంబరే ఇప్పుడు ధర పలికిస్తోంది. భారత్‌లో మాత్రం ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేనిదే దాన్ని దగ్గర పెట్టుకోవడం నేరం. సామాన్యుడు చూడాలంటే మ్యూజియమే దిక్కు. ఆచార్య ప్రఫుల్ల చంద్ర రోడ్డులో, ఒకప్పుడు రాజా రామ్మోహన్ రాయ్ నివాసమైన భవనంలో ఉన్న కోల్‌కతా పోలీసు మ్యూజియంలో విప్లవకారుల నుంచి స్వాధీనం చేసుకున్న ఆయుధాలను భద్రపరిచారు. ఏ పోలీసుల మీదికి వాటిని ఎక్కుపెట్టారో ఆ పోలీసుల సంరక్షణలోనే అవి నేడు జాతి వారసత్వ సంపదగా ఉన్నాయి.

గార్డెన్ రీచ్ మాత్రం తుపాకీ చప్పుడును పూర్తిగా మరిచిపోలేకపోయింది. 2013లో అక్కడి ఓ కాలేజీ విద్యార్థి సంఘ ఎన్నికల నామినేషన్ల గొడవలో విధుల్లో ఉన్న ఓ సబ్ ఇన్‌స్పెక్టర్‌ను కాల్చి చంపారు. ఆ రోజూ ఫిబ్రవరి 12. ట్యాక్సీ దోపిడీకి సరిగ్గా 98 ఏళ్లు. ఈసారి ఆ తూటా వెనక దేశమూ లేదు, ఆశయమూ లేదు. మిగిలిందల్లా ఓ కుటుంబం కడుపుకోత. 1915లో ఇన్‌స్పెక్టర్ సురేశ్ ముఖర్జీ ఇంట్లో మిగిలింది కూడా అదే.